ఊక బస్తాలు

మొదటి కాయితం హైదరాబాదు నుంచి వొచ్చింది.
దళసరి కాయితం, మీద బంగారు రంగు ముద్ర.
అమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకొని
మల్లొకపారి ముట్టి చూసింది.

పిలిచిండ్రు గదా అని పోయి చూసొచ్చినం.
గడ్డి నిజం గడ్డి కాదు, అయినా ఎంత పచ్చగుందో.
రాత్రిని పగలు చేసే దీపాలు,
కాళ్లు ముంచేటందుకు మంచునీళ్ల తొట్టి,
ఒక్కో పిల్లకు పేరు రాసిన ఒక్కో అర.
నాది కూడ చూపెట్టిండ్రు.
శివలీల అని ఉండాల్సినకాడ శివలత అని ఉంది.

సార్, గోలుకు ఎంతమందిమి? అడిగిన.
"నీతోని నలుగురు" అన్నడు నవ్వుకుంట,
"రెండేండ్లు చూసి నేర్చుకో, మూడో ఏడు చూద్దాం."
డిగ్రీయే మూడేండ్లు.

రెండోది కాయితం గాదు, మనిషి.
అచ్చంపేట డిగ్రీ కాలేజి కుర్మయ్య సారు
దేవరకొండల బస్సు మారి, కొండమల్లేపల్లిల మల్ల మారి
మా మిర్యాలగూడకొచ్చి
మిల్లు వెనక మైదానం గట్టు మీద
నెత్తికి టవలేసుకొని కూసున్నడు.
ఆ దినం మేం నాలుగు గోల్లతోని ఓడిపోయినం.
నాలుగూ నా చేతులకెల్లే పోయినయి.

ఆయన వాటి ముచ్చట తియ్యలే.
"ఎడమకు దుంకేటప్పుడు కండ్లు మూస్తవ్ బిడ్డా.
ఎవలు చెప్పలేదా?"
గ్లౌజులు తొడిగి ఆరేండ్లాయె.
ఎవలు చెప్పలే.

తర్వాత తన కాలేజి సంగతి చెప్పిండు, అప్పు ఒప్పుకున్నట్టు:
సగం మైదానం మొరం,
వానలు పడితే ఒక గోలు కాడ మోకాలు లోతు నీళ్లు.
పద్నాలుగు మంది పిల్లలు, పత్తి ఏరే దినాలల్ల తొమ్మిదే.
నెట్టు చినిగితే డిండి నుంచి చేపల వల తెచ్చి కట్టిండ్రట.
"హాస్టల్ల పప్పు పల్చగుంటది.
ఇప్పుడు చెప్పకుంటే ఆడికొచ్చినంక తిడతవ్."

మిల్లు గుమస్తా అన్నడు,
పెద్ద కాలేజి పేరుంటే రేపు నౌకరికి అక్కరకొస్తదని.
తప్పు మాట గాదు.
ఇయ్యాల్టికీ తప్పని నేనంటలేను.
నౌషీన్ ఆ పెద్దదాంట్లనే చేరింది, మా ఫార్వర్డు.
"గెలిచే జట్టుల బెంచీ మీద కూసున్నా గెలుపేనే.
పిరికిదానివి నువ్వు" అన్నది.
నాలుగు దినాలు మాటల్లేవు.
భయమేనా అని రాత్రిళ్లు పొర్లుకుంట అడుక్కున్న.
కొంత భయమే. లేదని ఎట్లంట?
కానీ కండ్లు మూసుడు ఒక్కటి
నా లోపల తెరుచుకొనే ఉంది.

నాయిన హమాలి.
నేను పడుడు నేర్చింది మిల్లు ఊక మీద.
షిఫ్టు దిగినంక, చెమటకు దుమ్మంటిన చేతులతోనే
రెండు రాళ్ల నడుమ జానెడు మందం పరిచెటోడు.
ఇదీ అదీ అని ఒక్క మాట చెప్పలే ఆయన.
ఒకటే అడిగిండు:
"ఆ మొరంల ఊక దొరుకుతదా?"

జులై నెలల బస్సెక్కినం.
కండక్టరు బస్తాలు నొక్కి చూసిండు.
"ఏందిది, ఊకా? ఊక మోసుకపోతున్రా అచ్చంపేటకు?"
నాకు జీరో టికెట్టు, ఊకకు నలభై రూపాయలు.
డిండి కట్ట దాటంగ ఒక బస్తాకు కుట్టు ఊడింది.
కిటికీల గాలికి లేసి
సీట్ల మీద, మనుషుల మీద, ఒక ముసలమ్మ పూల గంప మీద
పసుపుపచ్చగ రాలుతుంటే
అందరు తిట్టుడు షురూ చేసిండ్రు.
నాయిన బస్తా మూతి గట్టిగ పట్టుకొని
నా దిక్కు చూసిండు.
"సగమన్న మిగుల్తది తియ్" అన్నడు.
"ముందుగాల ఎడమపక్కకు పరుచుకో."